ఆయన ఏమన్నారు?

వసారా చివరి గదిలోకి కొత్తగా వచ్చిన ముసలాయన నోరు తెరవడం లేదనీ, తెరిస్తే తిట్టడానికే తెరుస్తున్నాడనీ హెడ్ నర్సు చెప్పింది. ఆయన తిట్టేది ఏ భాషలోనో ఆ వృద్ధాశ్రమంలో ఎవరికీ తెలియదు. తిట్లేనని మాత్రం అందరికీ తెలిసిపోయింది. జావ గిన్నె రెండుసార్లు గోడకి తగిలింది. మందులిచ్చే కుర్రనర్సు ఇంక ఆ గదిలోకి వెళ్ళనని మొండికేసింది.

ఆయా బట్టల గదిలో దుప్పట్లు మడతపెడుతోంది. తడి ఆరని దుప్పటిని వేళ్ళతోనే కనిపెట్టి పక్కకి తీసేస్తోంది.

"ఆయన మీ దేశం ఆయనేనట. ఒక్కసారి వచ్చి మాట్లాడండి" అంది హెడ్ నర్సు.

"నాది ఈ దేశమేనండీ" అంది ఆయా. ఎవరడిగినా ఆమె చెప్పే జవాబు అదే.

"అవునండీ, కాదని ఎవరన్నారు? ఆ భాష వచ్చు కదా మీకు, అదీ నా బాధ."

వచ్చు. మొగుడు పోయాక ఆ భాష ఆమె నోటివెంట రాలేదు. కొడుక్కి నేర్పలేదు. నేర్పుదామని మొగుడు ముచ్చటపడితే వద్దని పట్టుబట్టింది ఆమే. ఈ దేశపు భాషలో ఎదుటిమనిషిని పిలవడానికి ఒకటే మాట. పెద్ద డాక్టరుకీ అదే, నేల తుడిచేవాడికీ అదే. వచ్చిన కొత్తలో బస్సులో టిక్కెట్టిచ్చేవాడు తనని 'మీరు' అన్నాడని ఇంటికొచ్చి మొగుడికి చెప్పి ఏడ్చింది. ఏమే, ఒసే, ఎవర్తివే అనే మాటలున్న భాష తన కొడుకు చెవిన పడకూడదని ఆ రోజే అనుకుంది.

గదిలో ముసలాయన మంచం తల ఎత్తి కూర్చోబెట్టారు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఒక వేలు గాల్లోకి లేచి ఉంది, ఎవరినో నిలదీస్తున్నట్టు. ఆయన అక్కడ పేరుమోసిన ప్లీడరట. ఈ దేశం వచ్చి నలభై ఏళ్ళు దాటిందట. మతిమరుపు రోగం ముదిరి, ఇక్కడ నేర్చుకున్న భాషంతా తుడిచిపెట్టుకుపోయి, అక్కడిది మాత్రం మిగిలింది. గుమ్మం దగ్గర ఆయన కూతురు నిలబడి ఉంది. ఇళ్ళకి ప్లాన్లు గీసే ఉద్యోగం ఆమెది. ఇక్కడే పుట్టింది. తండ్రి భాష ఒక్క ముక్క రాదు.

ఆయా గిన్నె అందుకుని మంచం పక్కకి వెళ్ళింది. ఏమని పిలవాలో తేల్చుకోకముందే నోరు జారింది.

"అయ్యగారూ, ఒక్క చెంచా."

ముసలాయన తల గిరుక్కున తిరిగింది. కళ్ళు ఆమె మొహం మీద ఆగాయి.

"ఎవర్తివే నువ్వు? ఇంతసేపూ ఎక్కడ చచ్చావ్?"

ఆయన మాటలోని యాస తన ఊరిదే. 'చచ్చావ్' అన్న మాటని అలా సాగదీసేది ఏటికి ఆ ఒడ్డున ఉన్న పెద్దిళ్ళవాళ్ళే.

"వీధి గుమ్మంలోంచే వచ్చావా ఏమిటి?"

"లేదండీ, వెనకనించేనండీ" అంది ఆమె. ఆ మాట ఆమె అనలేదు. ఆమె నోరే అంది. వీపు కూడా దానంతటదే కొంచెం వంగింది.

ముసలాయన తృప్తిగా నోరు తెరిచాడు. గిన్నె సగం ఖాళీ అయింది. వసారాలో కుర్రనర్సు చప్పట్లు కొట్టింది. కూతురు దగ్గరికొచ్చి ఆయా మోచెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"నాన్న ఏమన్నారు?"

ఆయా గిన్నె అంచుకంటిన జావని చెంచాతో గీకింది.

"ఇంతసేపూ ఎక్కడికెళ్ళారమ్మా అని అడిగారు."

*

ఆ రోజునించీ ప్లీడరు పనంతా ఆమెదే అయింది. పొద్దున రాగానే గోరువెచ్చని నీళ్ళ తొట్టి, రెండు తువ్వాళ్ళు, సబ్బు, చర్మానికి రాసే లేపనం బండిమీద పెట్టుకుని వెళ్ళేది. ముందు మొహం, తర్వాత చేతులు, ఛాతీ. కడిగిన చోటల్లా వెంటనే కప్పేసేది చలి తగలకుండా. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి తనవైపు తిప్పుకుని వీపు తుడిచేది. ఎముక ఒరుసుకునే చోట ఎర్రబడిందేమో వేలితో నొక్కి చూసేది. ఒక్క పుండు పడనివ్వలేదు.

ఆమె వంచిన చోట వంగుతూ, తిప్పిన వైపు తిరుగుతూ, ఆయన మాత్రం ఆమెని కోర్టులో నిలబెట్టినట్టు కడిగేసేవాడు. "నీళ్ళు కాచడం కూడా రాదే నీకు? మీ జాతిని ఇళ్ళలోకి రానిస్తే ఇంతే. నెత్తికెక్కుతారు." డాక్టరు వస్తే ముద్దాయి వచ్చాడనుకునేవాడు. "వీడి మొహం చూడు, అబద్ధం మొహం! వాయిదా వెయ్యండి" అని అరిచేవాడు. ఆ మాటకి ఆయాకి నవ్వాగేది కాదు. డాక్టరు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవాడు.

ఒళ్ళు మండేది ఆమెకి. కానీ ఆ మంటలోనే ఇంకోటి ఉంది, అదే ఆమెని తినేసేది. ఆ తిట్టు వినిపించగానే ప్రాణం లేచొచ్చేది. "గోకుడుపార మొహమా" అన్నాడొకసారి. ఆ మాట లోకంలో ఉందన్న సంగతే ఆమె మరిచిపోయింది. అమ్మమ్మ అనేది ఆ మాట, ముద్దుకి. వసారాలో బండి తోసుకుంటూ దాన్ని రెండుసార్లు పైకే అనుకుంది. ఈ మనిషి నోట్లోంచి కాకపోతే ఇంకెక్కడినించి వస్తుంది? వచ్చేదేదో కాస్త మంచిగా రాకూడదా?

సాయంత్రం ఆఫీసు అవగానే కూతురు వచ్చేది. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, తండ్రి మొహంలోకి చూస్తూ కూర్చునేది. తండ్రి ఏదో అనేవాడు. ఆమె ఆయావైపు తిరిగేది, "ఏమన్నారు?" అని.

"ఈవిడెవత్తె, నా గదిలో తిష్టవేసింది?" అని ఆయన అన్న మొదటిరోజు ఆయా తువ్వాలు మడిచి, మళ్ళీ విప్పి, "మీరు అలిసిపోయినట్టున్నారంటున్నారు" అంది. కూతురు మొహం విప్పారింది. ఆ మొహం చూశాక వెనక్కి తగ్గడం చేతకాలేదు ఆయాకి.

"మా ఇంట్లో ఆ దేశం మాటే ఎత్తేవారు కాదు" అంది కూతురు ఒకరోజు. "చిన్నప్పుడు అడిగితే, అక్కడేముంది, దుమ్ము అనేవారు. నాన్నకి ఊరంటూ ఒకటి ఉండే ఉంటుంది కదండీ? ఇప్పుడేమైనా చెప్తారా?"

ప్లీడరు ఆ సమయంలో కిటికీవైపు వేలు చూపించి, ఎవరో పాలేరుని చెట్టుకి కట్టెయ్యమంటున్నాడు.

"రేవు గురించి చెప్తున్నారు" అంది ఆయా.

"రేవా?"

"ఏటి ఒడ్డున రేవు. తెల్లవారేసరికి పుచ్చకాయల పడవలు వచ్చేవట. పడవలో నిలబడి ఒక్కొక్క కాయనీ తట్టి, చప్పుడు విని, పండింది ఈ పక్కకి, పచ్చిది ఆ పక్కకి విసిరేవారట. ఒడ్డున నిలబడ్డవాళ్ళు పట్టుకోవాలి. జారి పగిలిందా, పిల్లలదే ఆ కాయ. పిల్లలంతా దానికోసమే నీళ్ళలో నిలబడి చూసేవారట, ఎవరి చెయ్యి జారుతుందా అని."

కూతురు నవ్వింది. "నాన్న కూడా నిలబడేవారా?"

"అందరికంటే ముందు."

మర్నాడు ఆమె ఇంకా అడిగింది. ఆయా ఇంకా చెప్పింది. పడవలకి తారు రాసే రోజున ఊరంతా వాసనొచ్చేదని. వరదొస్తే రేవు మెట్లు ఒక్కొక్కటే మునుగుతుంటే, ఏ మెట్టు దాకా వస్తుందోనని పందాలు కాసేవారని. తాడు పేనేవాళ్ళు వెనక్కి నడుస్తూ వీధంతా పొడుగునా వెళ్ళేవారని. చెప్తుంటే చెప్తుంటే ఒక్కొక్కటే పైకొచ్చేది. ఇవన్నీ తనలో ఉన్నాయని ఆమెకే తెలియదు. ఆ ఊరిని తలుచుకున్నప్పుడల్లా ఇన్నేళ్ళూ కనిపించినవి పెద్దిళ్ళ పెరటి గుమ్మాలు, అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డ అమ్మ, అంతే.

ఆ రోజుల్లో ఇంట్లో కొడుకు అడిగాడు కూడా. వాడు సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. "ఏంటమ్మా, గిన్నెలు తోముతూ మీలో మీరే ఏదో గొణుక్కుంటున్నారు?"

"పనిలో ఏదో" అంది.

*

ఒక మధ్యాహ్నం ప్లీడరు వింతగా నెమ్మదించాడు. వాన పడుతోంది. కిటికీ అద్దం మీద జారుతున్న నీళ్ళని చూస్తూ, ఎవరితోనూ కానట్టు అన్నాడు:

"ఏటికి నీళ్ళొచ్చాయా?"

ఆయా ఆయన గోళ్ళు తీస్తోంది. చెయ్యి ఆగింది.

"వచ్చే ఉంటాయండీ."

"రేవు మునిగిందా?"

"ఆఖరి మెట్టు తేలే ఉంటుందండీ. అక్కడ రాయి కొంచెం ఎత్తు కదండీ."

"అవును, ఎత్తు." ఆయన తల ఊపాడు. "ఆ రాయి మీద కాళ్ళు వేలాడేసి కూచునేవాణ్ణి. మా నాన్న చూస్తే చంపేవాడు."

ఇన్నాళ్ళూ తాను అల్లింది అబద్ధం కాదేమో! తెలియకుండానే మంచం అంచున కూర్చుంది. ఆయన చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వాన గురించి, తాళ్ళ గురించి, రేవుకి అడ్డంగా పడుకునే గుడ్డి కుక్క గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఒకరు మొదలుపెట్టింది ఒకరు అందుకున్నారు. ఈ దేశానికొచ్చాక మొగుడితో తప్ప ఎవరితోనూ ఆమె అలా మాట్లాడలేదు.

"ఎవరి పిల్లవే నువ్వు?" అన్నాడాయన, కళ్ళు చికిలించి.

"రేవు నడిపే ఆయన కూతుర్నండీ. పడవాయన."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఆమె కూర్చున్న చోటికి చూశాడు. చెయ్యి లాక్కున్నాడు.

"లే. ముందు లేచి నుంచో."

ఆమె లేచింది.

"ఎంత ధైర్యమే! ఆ దుప్పటి తీయించు. తీయించి వేరేది వెయ్యమను."

దుప్పటి పొద్దున వేసిందే. తెల్లగా ఉంది. ఆయా ఆయన్ని ఇటు తిప్పి, అంచు చుట్టి వీపు కిందకి తోసి, అటు తిప్పి లాగేసింది. కొత్తది పరిచింది. మూలలు మడిచి పరుపు కిందకి దోపింది, ముడతలేకుండా. తాను కూర్చున్నందుకు మైలపడ్డ దుప్పటిని తన చేతులతోనే మార్చి, మాసిన బట్టల సంచీలో వేసుకుని, గది బయటికొచ్చాక గాని ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. సంచీని గుండెలకి అదుముకుని గోడకి ఆనుకుంది. ఇరవై రెండేళ్ళు. సముద్రం దాటి వచ్చి ఇరవై రెండేళ్ళయింది, లేవమంటే లేచి నుంచుంది.

సాయంత్రం కూతురు అడిగింది, "ఇవాళ ఏమన్నారు?"

"ఇవాళేం మాట్లాడలేదు" అంది ఆయా.

*

మర్నాటినించీ ఆమె ఆయనతో ఈ దేశపు భాషలోనే మాట్లాడింది. "మీరు ఇటు తిరగండి. మీరు నోరు తెరవండి." పనిలో ఏ లోటూ రానివ్వలేదు. నీళ్ళు అంతే గోరువెచ్చన. వీపుమీద చెయ్యి అంతే మెత్తన. ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు.

మొదట ఆయనకి అర్థం కాలేదు. "ఏమే, ఏం కూస్తున్నావే?" అన్నాడు. ఆమె పలకలేదు. "నిన్నేనే!" అని అరిచాడు. ఆమె లేపనం మూత బిగించింది. మధ్యాహ్నానికి చెవిలో వేలు పెట్టి తిప్పుకోవడం మొదలెట్టాడు. అందరి పెదాలూ కదులుతున్నాయి, మాట వినబడటం లేదు, చెవుడొచ్చిందనుకున్నాడు పాపం. "నాకు వినపడట్లేదు, ఎవరైనా చూడండర్రా" అని ఏడుపుగొంతుతో పిలిచాడు. ఆయా ఆయనవైపు ఒక అడుగు వేసింది. దుప్పటి తెల్లదనం గుర్తొచ్చింది. గుండెని రాయి చేసుకుంది.

ఆ తర్వాతి రోజు కేకలు లేవు. ఆమె తొట్టి తెచ్చి పెడుతుంటే, "అమ్మాయ్" అన్నాడు. ఆమె తువ్వాలు పిండింది. "ఇదిగో, ఏమ్మా" అన్నాడు. మొహం తుడిచింది. ఆయన ఆమె ముంజేతిమీద చెయ్యి వేశాడు. లాగలేదు, ఊరికే వేశాడు.

"అమ్మా, మీరెవరో నాకు తెలీదు. మీరు కాస్త దయుంచి, మా భాష వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే పిలుస్తారా?"

మీరు. ఆ భాషలో, ఆ యాసలో, ఏటికి ఆ ఒడ్డు మనిషి నోట్లోంచి. ఆమె తండ్రి చచ్చేదాకా ఎదురుచూసినా వినని మాట. నోటిదాకా వచ్చింది జవాబు. నేనున్నానండీ అంటే చాలు. కానీ అంటే, ఆ క్షణమే ఆయనకి ఆమె ఎవరో గుర్తొస్తుంది. 'మీరు' మళ్ళీ 'ఏమే' అయిపోతుంది. ఇంకొక్కసారి విందాం, అనుకుంది. ఒక్కసారి.

"అమ్మా, మిమ్మల్నే" అన్నాడు.

ఆమె తొట్టి తీసుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు ఆమెకి సెలవు. ఆ మర్నాడు వచ్చేసరికి వసారా చివరి గది తలుపు తెరిచి ఉంది. నిన్న పొద్దున ఆయన మెదడులో ఏదో నరం చిట్లిందనీ, మాట పడిపోయిందనీ, ఇంక రాదనీ హెడ్ నర్సు చెప్పింది. మీరున్నా ఇదే జరిగేది, ఈ రోగమే అంత, అని డాక్టరు భుజం తట్టాడు. ఆయా మంచం పక్కకి వెళ్ళి వంగింది.

"అయ్యగారూ."

కనురెప్పలు తెరిచే ఉన్నాయి.

"అయ్యగారూ, నేనండీ. పడవాయన కూతుర్ని. వెనకనించే వచ్చానండీ." "తిట్టండి. ఒక్క మాట తిట్టండి."

ఆయన కళ్ళు కప్పువైపే ఉన్నాయి. నోటి చివర కారుతున్నది ఆమె తుడిచింది.

*

కూతురు ఆ సాయంత్రం పెందరాళే వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఆయా చేతులు రెండూ పట్టుకుంది.

"మీరు లేకపోతే మా నాన్న నాకు దక్కేవారు కాదు. నలభై ఏళ్ళూ చెప్పనిది ఈ నాలుగు రోజుల్లో చెప్పారు. నేను ఆ ఊరు వెళ్తాను. ఆ రేవు చూస్తాను. మీరూ రండి నాతో."

ఆయా చేతులు విడిపించుకోబోయింది. ఆమె వదల్లేదు.

"చివర్న ఏమన్నారు? ఆఖరిమాట ఏదైనా…?"

ఏం చెప్పినా నమ్మేది. మీ పేరే తలుచుకున్నారమ్మా అంటే అయిపోయేది. నోట్లో తయారుగా ఉంది ఆ మాట. మంచం మీద నోరు తెరుచుకుని పడున్న మనిషిని చూసింది ఆయా. ఈయన మాటలు తాను ఎంతగా కాజేసిందంటే, ఇప్పుడు ఆయనవంటూ ఒక్కటీ మిగల్లేదు.

"మా భాష వచ్చినవాళ్ళెవరైనా ఉంటే పిలుస్తారా అని అడిగారు" అంది. "నేను పక్కనే ఉన్నాను. పలకలేదు."

కూతురికి అర్థం కాలేదు. ఆయా చెప్పింది. దుప్పటి సంగతి చెప్పింది. పలకకుండా ఉన్న సంగతి చెప్పింది. అంతకుముందు ఆయన ఏమేం అన్నాడో చెప్పింది, కూతుర్ని గురించి అన్నవి కూడా.

"చివరికి నన్ను 'మీరు' అన్నారమ్మా."

"అంటే?" అంది కూతురు. "'మీరు' అంటే ఏముంది? అందరూ అనేదేగా?"

ఈ దేశపు భాషలో దానికి తేడా లేదు. తేడా లేదనే ఆమె ఈ భాషని ప్రేమించింది.

"అయితే ఆ పుచ్చకాయలు? నీళ్ళలో నిలబడ్డ పిల్లలు? అది మా నాన్న కాదా?"

"నేనమ్మా. ఆ ఊరు నాది."

అన్నాక ఆమెకే వింతగా వినిపించింది. కూతురు చేతులు వదిలేసింది. కుర్చీని మంచానికి దూరంగా జరిపి, కిటికీవైపు తిప్పుకుని కూర్చుంది. వెనక్కి తిరక్కుండానే అంది:

"మీరు ఇంక వెళ్ళండి."

ఎంతో మర్యాదగా అంది. ఈ భాషలో ఇంకోలా అనడానికి వీల్లేదు.

మర్నాడు హెడ్ నర్సు ఆయాని పై అంతస్తుకి మార్చింది. "వాళ్ళమ్మాయి వేరే మనిషిని పెట్టమన్నారు. ఎందుకని నేనడగలేదు. ఎలాగూ ఆయనకిప్పుడు ఏ భాషైనా ఒకటేగా" అంది. పై అంతస్తులో ఉన్నవాళ్ళంతా ఈ దేశంవాళ్ళే. మంచివాళ్ళు. వీపు తుడిచినందుకు కూడా థాంక్స్ చెప్తారు. పది రోజులకి వసారా చివరి గది ఖాళీ అయిందని కుర్రనర్సు చెప్పింది. ఆయా అప్పుడు ఒకావిడకి జడ అల్లుతోంది. పాయ జారిపోతే మళ్ళీ మొదటినించీ అల్లింది.

ఆ పూట ఇంటికొచ్చి, వంట చేసి, కొడుక్కి వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"మా ఊళ్ళో రేవుండేది" అంది, కొడుక్కి వచ్చిన భాషలో.

"ఊఁ?" అన్నాడు కొడుకు. తల్లి ఎప్పుడూ 'మా ఊరు' అనలేదు.

"పుచ్చకాయల పడవలొచ్చేవి. కాయలు విసిరేవారు. పట్టుకునేవారు."

"అలాగా" అన్నాడు. ఇంకా ఏదో ఉందేమోనని చూశాడు. ఏమీ లేదు. ఆ భాషలో పడవ ఉత్త పడవ, కాయ ఉత్త కాయ. చెప్పినదంతా రోడ్డు పక్కన అంటించిన బొమ్మలా ఉంది.

ఆమె కాసేపు బల్లమీది నీటి మరకని వేలితో తుడిచింది. తర్వాత తన భాషలో మొదలుపెట్టింది. మెల్లిగా మొదలుపెట్టింది. రేవు, మెట్లు, తారు వాసన, కాయని తట్టి చెవి వంచి వినే నాన్న. అక్కడినించి పెద్దిళ్ళ పెరడు, ఎండలో నిలబడ్డ అమ్మ, లే అంటే లేచి నుంచున్న తను. గొంతు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో ఆమెకి తెలియదు. కొడుకు చెంచా కింద పెట్టేసి, తల్లి నోటివంకే చూస్తూ విన్నాడు. ఒక్క ముక్క తెలియకపోయినా అడ్డం రాలేదు.

ఆమె ఆగింది. ఊపిరి తీసుకుంది.

"అమ్మా" అన్నాడు కొడుకు, భయపడుతున్నట్టు. "మీరు ఎవర్నైనా తిడుతున్నారా? లేక ఏదైనా బాగుందని చెప్తున్నారా?"

ఆమె కొడుకు పళ్ళెంవైపు చూసింది. లేచి వెళ్ళి, కూర చల్లారిపోయిందని మళ్ళీ పొయ్యి వెలిగించింది.